ఏడింటి వేడి

తన తమ్ముడు దొంగ అని రాసిన కాగితం కొలతక్కకు డీజిలు డిపోలో మూడో నంబరు ట్యాంకు మీద ఉండగా అందింది. యాభై రెండు ఇనప మెట్లెక్కి పైకి తెచ్చింది మరదలే. గేటు దగ్గర కాపలావాడు ఆపితే, మా వదినని చూడకుండా కదిలేది లేదని అక్కడే చతికిలబడిందట. అతను వేగలేక ఒక హెల్మెట్టు నెత్తిన పెట్టి లోపలికి వదిలేశాడు.

కొలతక్క అప్పుడే టేపు వదిలింది. టేపు చివర ఇత్తడి గుండు అడుగుకు తగిలేదాకా ఎవరితోనూ మాట్లాడకూడదని ఆమె నియమం. గుండు తగిలింది. టేపు పైకి చుట్టి, తడి ఎక్కడిదాకా ఉందో చూసి, అంకె చీటీ మీద వేసుకుని, చేతులు గుడ్డకు తుడుచుకుని అప్పుడు కాగితం అందుకుంది.

ఇరవై వేల లీటర్ల డీజిలు ట్యాంకరు. కొండమీది ఊరి బంకులో దించి కొలిస్తే రెండు వందల యాభై లీటర్లు తక్కువ. మూడు నెలల్లో ఇది తొమ్మిదోసారి. డ్రైవరు దారిలో అమ్ముకుంటున్నట్టు అనుమానం. సోమవారం విచారణ. అప్పటిదాకా బండి ఎక్కకూడదు.

"వాడేమంటున్నాడు?" అని అడిగింది.

"ఏమంటారు వదినా. కంచం ముందు కూర్చుంటారు, లేస్తారు. నిన్న బళ్ళో పెద్దదాన్ని అడిగారట, మీ నాన్న నూనె దొంగటగా అని. అది ఇంటికొచ్చి మమ్మల్నేం అడగలేదు. అదే నాకు భయంగా ఉంది." మరదలు కొంగుతో మెడ తుడుచుకుంది. "మీరు నింపిన బండే కదా. నిండా నింపారా లేదా, అది చెప్పండి చాలు."

"నింపాను. గీత దాకా నింపాను. నా చేత్తో."

"మరి దారిలో ఎవరు తాగేశారు వదినా?"

ఆ మాటలో ఎత్తిపొడుపు ఉందో లేదో కొలతక్కకు అర్థం కాలేదు. మరదలు మెట్లు దిగిపోయాక కూడా ఆ ప్రశ్న ట్యాంకు మూత మీదే కూర్చుని ఉంది.

ఆమె తమ్ముణ్ణి డ్రైవర్లందరూ నిమ్మళం అని పిలుస్తారు. వెనక ఎవరెంత హారను కొట్టినా, తిట్టినా, తన వేగంలోనే పోతాడు. అలాంటివాడు దారిపక్కన బండి ఆపి, సీలు విప్పి, రెండు వందల యాభై లీటర్లు డబ్బాల్లోకి వంచి, మళ్ళీ సీలు వేసి వేళకు కొండెక్కాడంటే నవ్వొస్తుంది. కానీ నవ్వే హక్కు తనకుందా అని కొలతక్క ఆగింది. ఏడాదిన్నర వెనక ఒక డ్రైవరును, ఆ తర్వాత ఆరు నెలలకు ఇంకొకణ్ణి ఇలాగే తీసేశారు. మొదటివాడు గేటు బయట నిలబడి, అక్కా, నువ్వైనా చెప్పు అంటే, ఆమె మొహం తిప్పుకుని లోపలికి నడిచింది. అలాంటివాళ్ళకి అలాగే కావాలి అని నలుగురితో అంది కూడా.

ఆమె ఈ డిపోకు పంతొమ్మిదేళ్ళప్పుడు శాంపిలు సీసాలు కడగడానికి వచ్చింది. ఇక్కణ్ణుంచి బయటికి పోయే ప్రతి సరుకులోంచీ ఒక సీసా నూనె తీసి, మెడ మీద చెక్కిన గీత దాకా నింపి, సీలు వేసి, మూడు నెలలు దాస్తారు. రేపు ఎవరైనా కల్తీ అంటే చూపించడానికి. ఆ సీసాలు కడిగి కడిగి చేతులు పొలుసులు లేచేవి. ట్యాంకులు కొలిచే మాస్టారు ఆమెకు చూపు బాగుందని టేపు మోయించాడు. తర్వాత చదవనిచ్చాడు. ఆయన పోయాక టేపు ఆమెదే అయింది. ఇరవై ఆరేళ్ళు. వేలెడు తేడా రాలేదని పేరు.

మాస్టారు నేర్పినవాటిలో ఒకటి ఏడింటి వేడి. నూనె వేడికి పొంగుతుంది, చల్లారితే ముడుచుకుంటుంది. అందుకని ఎన్ని లీటర్లో రాస్తే సరిపోదు, ఎంత వేడిలో అన్ని లీటర్లో కూడా రాయాలి. పొద్దున ఏడింటికి ట్యాంకులోకి థర్మామీటరు దించి, వచ్చిన అంకెను నల్లబల్ల మీద సుద్దతో రాసేవారు. రోజంతా ప్రతి కాగితం మీదా అదే అంకె. అందులో తప్పేమీ లేదు అప్పట్లో. గొట్టంలో వచ్చిన నూనె రెండురోజులు ట్యాంకులో కదలకుండా ఉండేది. తొమ్మిదికల్లా బళ్ళన్నీ నిండి గేటు దాటేవి. మాస్టారి కాలంలో సుద్దా నిజమే చెప్పేది, థర్మామీటరూ నిజమే చెప్పేది.

మూడేళ్ళ కిందట కంపెనీ గోడ అవతల సొంత కరెంటు ప్లాంటు కట్టింది. అప్పట్నుంచి పొద్దుటి పూటంతా ట్యాంకుల్లో చల్లారిన నూనె ప్లాంటుకు పోతోంది. బళ్ళ వంతు మధ్యాహ్నం. వాటికి శుద్ధి కర్మాగారం నుంచి గొట్టంలో వచ్చింది వచ్చినట్టే పడుతోంది. నూనె ట్యాంకులో కూర్చుంటే డబ్బు కూర్చున్నట్టే అని పైనుంచి వచ్చిన మాట. నల్లబల్ల మీద మాత్రం ఏడింటి వేడే. మార్చమని ఎవరూ చెప్పలేదు. మార్చాలని కొలతక్కకూ తోచలేదు. మధ్యాహ్నం ట్యాంకరు మీద నిలబడితే చెప్పుల్లోంచి అరికాళ్ళు కాలేవి. ఎండ అనుకుంది.

శుక్రవారం ఆమె అందరి సంగతీ వదిలేసి ఒక్కటే ఆలోచించింది. నిమ్మళం పదకొండేళ్ళు మైదానపు దారిలో తోలాడు, ఒక్క లీటరు తగ్గలేదు. కొండ దారికి వేసి మూడు నెలలే అయింది. తీసేసిన ఇద్దరూ కొండ దారి వాళ్ళే. కొండ దారిలో పడ్డవాడల్లా దొంగెందుకవుతాడు? ఆ దారి గాలిలో ఏముంది?

గాలిలో ఏముందో అప్పుడు తోచింది. చలి ఉంది.

రెండింటికి కొండకు పోయే బండి నిండింది. ఆమె థర్మామీటరును తాడు కట్టి ట్యాంకరు మూతలోంచి దించింది. కింద డ్రైవరు, ఇవాళ జ్వరం చూస్తున్నావేంటక్కా దానికి అన్నాడు. అయిదు నిమిషాలు ఆగి పైకి లాగింది. నలభై రెండు. మళ్ళీ దించింది. నలభై రెండే. తల తిప్పి చూస్తే షెడ్డులో నల్లబల్ల మీద తన చేతిరాత, గుండ్రంగా, ముచ్చటగా: ఇరవై ఏడు.

బంకువాళ్ళ దగ్గర ఒక పట్టిక ఉంటుంది. ఇరవై ఏడులో నింపింది కొండ మీది ఇరవైకి చల్లారితే ఎంత తగ్గాలో అందులో ఉంటుంది. అంత తగ్గితే ఎవరూ ఏమీ అనరు. నలభై రెండులో నింపింది అంతకు మించి తగ్గుతుంది. ఆమె చీటీ వెనక లెక్క వేసింది. ఇరవై వేల లీటర్లకు పదిహేను డిగ్రీల తేడా. రెండు వందల యాభై, ఒకటి అటూ ఇటూ.

దారిలో ఎవరూ తాగలేదు. ఆ రెండు వందల యాభై లీటర్లు బండిలో ఎక్కనే లేదు. ఎక్కినట్టు రాసింది తను.

ముందు తన మీద మండింది. ఆ మంట అక్కడ ఆగలేదు, ఎందుకంటే రెండు నెలల కిందటి ఒక మధ్యాహ్నం ఆమెకు గుర్తొచ్చింది. ప్రధాన కార్యాలయం నుంచి ఒక మేడం వచ్చి, భోజనాల హాల్లో గోడ మీద బొమ్మలు వేసి, మన కంపెనీ ఎలా సంపాదిస్తోంది, ఎలా ఎదుగుతోంది అని అందరికీ చెప్పింది. బాగానే చెప్పింది. బావుల్లోంచి తోడేదీ మనమే, శుద్ధి చేసేదీ మనమే, గొట్టమూ మనదే, కరెంటు చేసి అమ్మేదీ మనమే, బంకు మీద బోర్డూ మనదే. ముడిచమురు ధర పెరిగితే బావుల దగ్గర లాభం, పడితే శుద్ధి దగ్గర లాభం. ఒక చోట పోయింది ఇంకోచోట దొరుకుతుంది కనక ఎవరూ మనల్ని పడగొట్టలేరు. మన చేయే మన ఇంకో చేతికి అమ్ముతుంది. ఇక ముందు ఎదుగుదలంతా కరెంటులో, ఇళ్ళకిచ్చే గ్యాసులో, బళ్ళకు పెట్టే చార్జింగులో.

ఆ బొమ్మ చివర సన్నటి ఆకుపచ్చ గీత ఒకటి ఉంది. నిల్వల్లో మిగులు అని దాని పేరు. చిన్నదే గానీ పైసా ఖర్చు లేకుండా వచ్చింది, మూడేళ్ళలో ఇందులో అన్నిటికంటే ముందున్నది మీ డిపోయే అని మేడం చప్పట్లు కొట్టించింది. డిపోకు షీల్డు, మనిషికో ఫ్లాస్కు ఇచ్చారు. పొద్దున పోసిన టీ సాయంత్రానికీ పొగలు కక్కుతుందని కొలతక్క ఆ ఫ్లాస్కును ఊరంతా పొగిడింది.

ఆ గీత ఎక్కణ్ణుంచి వచ్చిందో ఇప్పుడు తెలిసింది. బంకు మీద బోర్డు కంపెనీదే, లోపల పెట్టుబడి బంకు ఓనరుది. నూనె తగ్గితే ఓనరు మొత్తుకుంటాడు. ఓనరు మొత్తుకుంటే కంపెనీ డ్రైవరు వైపు వేలు చూపిస్తుంది. డ్రైవరు చూపించడానికి ఇంకెవరూ లేరు. పోనీ కంపెనీకి వేడి సంగతి తెలీదా అంటే, ప్లాంటు గేటు దగ్గర గాజు పెట్టెలో మీటరుంది. అది నూనె వేడిని తనే చూసి, తనే సరిచేసి అంకె చూపిస్తుంది. తనకు తాను అమ్ముకునేటప్పుడు అంత మీటరు. బయటివాడికి అమ్మేటప్పుడు ఒక ఆడమనిషి చేతిలో సుద్దముక్క.

పళ్ళు నూరుకుంటూ మేనేజరు గదికి వెళ్ళింది. ఆమెకంటే పదేళ్ళు చిన్నవాడు, అక్కా అనే పిలుస్తాడు. ఆమె చెప్పిందంతా మధ్యలో అడ్డురాకుండా విన్నాడు. ఉలిక్కిపడతాడని ఆమె ఎదురుచూసింది. అతను లేచి తలుపు మూశాడు.

"ఆ సంగతి ఎవరికి తెలీదక్కా?" అన్నాడు. "ఎవరూ చెయ్యమని చెప్పలేదు. ఎవరూ వద్దనీ చెప్పలేదు. అలా జరిగిపోతోంది."

"జరిగిపోతోందా? మా తమ్ముడు దొంగైపోతుంటే జరిగిపోతోందా?"

"నీ తమ్ముడికి జీతం కోతతో పోయేట్టు నేను చూస్తాలే. ఉద్యోగం పోదు. నువ్వు మాత్రం వేడి గీడి అని ఎక్కడా అనకు. కాగితాల మీద సంతకం ఎవరిది? నాదా, నీదా?"

కొలతక్క అతని మొహంలోకి చూసింది. బెదిరించాడనుకుందామంటే గొంతులో నిజంగానే జాలి ఉంది. ఆ జాలికే ఆమె ఒళ్ళు ఎక్కువ మండింది.

అక్కణ్ణుంచి తిన్నగా సీసాల గదికి పోయింది. తను ఒకప్పుడు చేతులు పొలుసులు లేచేట్టు కడిగిన గది. ఎప్పుడూ చల్లగా ఉంచుతారు. వరసలు వరసలుగా సీసాలు, ఒక్కోదాని మెడ మీద గీత. ప్లాంటుకు పంపినవన్నీ ఒక బీరువాలో, బళ్ళవి ఇంకో బీరువాలో. ఈ మూడేళ్ళలో రెండు బీరువాల తలుపులూ ఒకేసారి తీయాల్సిన పని ఎవరికీ పడలేదు. ఆమె తీసింది. వరస వరసకీ సీసాల మెడలు పోల్చి చూసింది. తర్వాత రిజిస్టరులో సంతకం పెట్టి రెండు సీసాలు తీసుకుంది.

సోమవారం విచారణ గదిలో ఏసీ ఎంత పెట్టారంటే మేనేజరు కోటు గుండీలు పెట్టుకుని కూర్చున్నాడు. విచారణ చేయడానికి వచ్చింది ఆ బొమ్మల మేడమే. తలుపు దగ్గర కుర్చీలో నిమ్మళం, చేతులు మోకాళ్ళ మధ్య పెట్టుకుని. అక్కను చూసి, నువ్వెందుకొచ్చావే, నీ ఉద్యోగం చూసుకో అని గొణిగాడు. నోర్మూసుకో అని ఆమె అంతకంటే మెల్లిగా అంది.

మేడం తొమ్మిది తేదీలు, తొమ్మిది తక్కువలు చదివింది. ఎక్కడ ఆపావు, ఎవరికి అమ్మావు అని అడిగింది. ఎక్కడా ఆపలేదండి అన్నాడు. మరి నూనె ఏమైందంటావు అంటే, తెలీదండి అన్నాడు. అతనికి తెలిసిన నిజం అంతవరకే. అది కాగితం మీద పడితే దొంగ మాటలాగే ఉంటుంది.

అప్పుడు కొలతక్క సంచిలోంచి రెండు సీసాలూ తీసి బల్ల మీద పక్కపక్కన పెట్టింది.

"ఇది ఆఖరిసారి తక్కువ వచ్చిన రోజు పొద్దున ప్లాంటుకు పోయింది మేడం. ఇది అదే రోజు మధ్యాహ్నం మా తమ్ముడి బండిలో పోసింది. రెండూ గీత దాకా నింపింది నేను. సీళ్ళు మీ ల్యాబువాళ్ళవి, చూసుకోండి."

మేడం సీళ్ళు చూసింది. తర్వాత మెడలు చూసింది. మొదటి సీసాలో నూనె గీతకు ఒక వేలు కిందకి దిగింది. రెండోదాంట్లో మూడు వేళ్ళు.

"ఈ సీసా ఆ గది దాటలేదు. ఏ బండీ ఎక్కలేదు, ఏ కొండా ఎక్కలేదు. మరి ఇందులోది ఎవరు తాగారు మేడం? సీలు విప్పకుండా మా తమ్ముడే తాగాడా?"

మేనేజరు కోటు గుండీ ఒకటి విప్పి మళ్ళీ పెట్టుకున్నాడు. మేడం కాగితాలు వెనక్కి తిప్పింది.

"ఇరవై ఏడని రాసింది ఎవరు?"

"నేనే. మూడేళ్ళుగా నేనే. నన్ను విచారించండి, తలొంచుకుని జవాబు చెప్తా. కానీ నేను తప్పు రాస్తే మిగిలిన నూనె మా ఇంటికి రాలేదు మేడం. అది ఎక్కడికెళ్ళిందో మీరే గోడ మీద చూపించారు. ఆకుపచ్చగా ఉంది. మాతో చప్పట్లు కూడా కొట్టించారు."

మేడం పక్కగదిలోకి వెళ్ళి ఫోనులో ఎవరితోనో చాలాసేపు మాట్లాడింది. తిరిగొచ్చి టైపు చేయించిన కాగితం ఇచ్చింది. ఆరోపణ రుజువు కాలేదు గనక డ్రైవరును పనిలోకి తీసుకుంటున్నాం అని ఉంది. నిమ్మళం కలం అందుకున్నాడు. కొలతక్క అతని చేతి మీద చేయి వేసి ఆపింది.

"రుజువు కాలేదంటే ఏంటండీ? చేశాడు గానీ దొరకలేదనా? వీడి కూతురు బళ్ళో ఈ ముక్కే చదివి వినిపించాలా? దొంగతనం జరగలేదని రాయండి."

అలా రాసే పద్ధతి లేదని మేడం అంది. అయితే తను సీసాలు తీసుకుని కొండమీది బంకు ఓనరు దగ్గరికి పోతానని, అక్కణ్ణుంచి మిగతా ఓనర్ల దగ్గరికి పోతానని, వాళ్ళకు బీరువాలు రెండూ తీసి చూపిస్తానని కొలతక్క అంది. గొంతు పెంచలేదు. మేడం ఆమెను, సీసాలను, మళ్ళీ ఆమెను చూసి, ఇంకో కాగితం టైపు చేయించింది. నూనె దొంగతనం జరగలేదు. దాని వెంటే రెండో కాగితం కూడా వచ్చింది. అది కొలతక్కది. వేడి నమోదులో తీవ్ర నిర్లక్ష్యం, రెండేళ్ళు జీతం పెంపు నిలుపుదల. సంతకం పెట్టింది. ఆ తప్పు తనదే, అందులో వాదన లేదు. తన తప్పు మీద సంపాదించినవాడు తన చేత సంతకం పెట్టించుకోవడమే ఆమెకు గొంతు దిగలేదు.

లేస్తూ, ఇంతకుముందు తీసేసిన ఇద్దరి కాగితాలు కూడా మార్చమంది. వాళ్ళిప్పుడు మన ఉద్యోగులు కారు కదా అంది మేడం.

పది రోజుల్లో ఆర్డరు వచ్చింది. ఇక మీదట శాంపిళ్ళు గాజు సీసాల్లో కాకుండా రేకు డబ్బాల్లో తీయవలెను, పగిలే ప్రమాదం ఉన్నందున. పాత సీసాలన్నీ తొలగించవలెను. బళ్ళ దగ్గర వేడి కొలిచే విషయం పరిశీలనలో ఉంది.

ఆర్డరు చదివి కొలతక్క మడిచి జేబులో పెట్టుకుంది. ఫ్లాస్కు గేటు కాపలావాడికి ఇచ్చేసింది. ఆ మధ్యాహ్నం నుంచి ప్రతి బండిలోకీ థర్మామీటరు దించడం మొదలుపెట్టింది. బండికి అయిదు నిమిషాలు. వరస గేటు దాటి రోడ్డు మీదికి పాకింది. మేనేజరు పరిగెత్తుకొచ్చి, ఇదెవరు చెయ్యమన్నారక్కా అన్నాడు.

"ఎవరూ చెయ్యమని చెప్పలేదు. ఎవరూ వద్దనీ చెప్పలేదు. అలా జరిగిపోతోంది" అంది పైనుంచి.

కింద డ్రైవర్లు పగలబడి నవ్వారు. ఆమె అంకె అరిచి చెబితే వాళ్ళు సుద్దతో బండి తలుపు మీద రాసుకుంటున్నారు. కాగితం మీద కూడా అదే అంకె పడుతోంది. నిమ్మళం తన వంతు వచ్చినప్పుడు నలభై రెండును తలుపంత పెద్దగా రాసి, ఎప్పటి వేగంలోనే గేటు దాటాడు. ఆమె ఆ తలుపు వైపు చూసి కూడా నవ్వలేకపోయింది.

ఆదివారం తమ్ముడి దగ్గర ఆనవాలు కనుక్కుని, ఊరి చివర పంక్చర్ల కొట్టుకు వెళ్ళింది. ఏడాదిన్నర కిందట గేటు దగ్గర, అక్కా, నువ్వైనా చెప్పు అన్న మనిషి నీళ్ళ తొట్టిలో ట్యూబు ముంచి బుడగల కోసం చూస్తున్నాడు. ఆమెను చూశాడు. లేవలేదు, కూర్చోమనలేదు. నిలబడే మొత్తం చెప్పింది. సుద్ద, వేడి, సీసాలు, తన సంతకం. నువ్వు అడిగినరోజు నేను మొహం తిప్పుకున్నాను అని అది కూడా చెప్పింది.

అతను బుడగ వచ్చిన చోట వేలు పెట్టి పట్టుకున్నాడు.

"ఇప్పుడేం చెయ్యమంటావ్?"

"కాగితం మార్చమని అడుగు. నువ్వు అడిగితే వాళ్ళు జవాబు చెప్పాలి. నేనూ వస్తా."

"సీసాలున్నాయా?"

"లేవు. రేకు డబ్బాలు చేసేశారు."

"మరేం చూపిస్తావ్?"

"నన్ను చూపిస్తా" అంది కొలతక్క. "రాసింది నేనని చెప్తా. ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లు చెప్తా."

అతను ట్యూబు నీళ్ళలోంచి తీసి, తుడిచి, చిరుగు చుట్టూ గీత గీశాడు. తర్వాత కాలితో స్టూలు ఒకటి ఆమె వైపు నెట్టాడు.

"కూర్చో" అన్నాడు. "ఇది అతికించి వస్తా."